ఆదిలక్ష్మమ్మ దాచిపెట్టమన్న పాట

రొద్దం చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో పాటంటే నోటికొచ్చినప్పుడల్లా పాడుకునేది కాదు. విసురురాయి ముందు కూర్చుంటే ఒక పాట, చేలో కలుపు తీస్తుంటే ఇంకొకటి, పెండ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు మరొకటి. చావింటి పాటలైతే సరేసరి, అవి ఆ ఇంటి గడప దాటి బయటికి రాకూడదు. పెండ్లి పందిట్లో ఎవరైనా పరధ్యానంగా చావింటి పాట కూనిరాగం తీస్తే ముసలమ్మలు మూతి మీద ఒకటి వేసేవాళ్ళు. ఇంత కట్టుదిట్టంగా పాటలను విడదీసి పెట్టిన పెద్దలెవరో కాని, మనిషికి ఉండేది ఒకటే నోరన్న సంగతి మాత్రం వాళ్ళకు తట్టినట్టు లేదు. మారక్క కష్టాలన్నీ అక్కడ మొదలైనవే.

మారక్క రొద్దంలో నల్లప్ప అనే నేతగాడి భార్య. నల్లప్ప ముతక నూలు చీరలు నేసేవాడు, ఆమె కండెలు చుట్టేది. అందులో గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ లేదు, ఆ వీధిలో అందరిదీ అదే పని. ఆమెను పది ఊళ్ళకు తెలిసేలా చేసింది శోకం. మనిషి పోయిన ఇంట్లో ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని, పోయినవాళ్ళ మంచిచెడ్డలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు కదా, ఆ ఏడుపుకు ముందుండేది మారక్క. పాడె కట్టేవాడి కంటే ముందు ఆమెకు కబురు పోయేది. ఆమె నోరు విప్పితే, పోయిన మనిషితో ఏళ్ళ తరబడి మాటల్లేని దాయాదులు కూడా తువ్వాలు నోట్లో కుక్కుకునేవాళ్ళు. మారక్క వచ్చి ఏడ్చిందంటే ఆ చావు మర్యాదగా జరిగినట్టే.

ఆ శోకం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తొలిచూలు మగబిడ్డ ఇంకా పాకుతుండగానే వాంతులు, భేదులు పట్టి ఒక్క పగటిలో పోయాడు. మారక్క ఏడవలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏడవకపోతే మతి చెడతాది. ఏడువు మే, ఏదో ఒకటి అను" అని ఆడవాళ్ళు వీపు మీద చరిచారు. ఏదో ఒకటి అనాలంటే ఆమె నోట్లో ఉన్నది ఒక్కటే. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఉయ్యాల దగ్గర పాడుతున్న లాలిపాట, తన తల్లి తనకు పాడింది.

కొండ కింద పొద్దు గూకె, గూటిలోన గువ్వ జేరె,
కండ్లు మూసి నిదరబోరా కన్నకొడకా, జో.

ఆ రాగమే ఎత్తుకుంది. కాని ఇక ఎవరిని నిద్రపొమ్మనాలి? మాటలు వాటంతటవే మారిపోయాయి.

కొండ కింద పొద్దు గూకె, గూటిలోన గువ్వ లేదె,
కండ్లు తెరిసి పలకరాదా కన్నకొడకా, ఓ.

వీధి వీధంతా ఏడ్చింది. కొన్నాళ్ళకు పక్కింటి ముసలాయన పోతే, "నీ కొడుకుకు పాడినట్ట పాడు మారక్కా" అని పిలిచారు. కొడకా అన్నచోట తండ్రీ అని పాడింది. ఆ తర్వాత ఎవరు పోయినా అదే పాట అడిగారు. ఆమెకు వేరే శోకాలు రాకపోలేదు, వాటిని ఎవరూ అడగలేదు.

రెండేళ్ళకు సరోజ పుట్టింది. ఉయ్యాల ఊపుతూ మారక్క ఇంకేమీ ఆలోచించకుండా తల్లి పాటే పాడింది, గువ్వ జేరె అని, జో అని. వింటున్న అత్త ముఖం చిట్లించింది. "రాగం అదే కదా మే" అంది. "రాగం మా యమ్మది, చావుది కాదు" అంది మారక్క. సరోజ ఆ పాటకే నిద్రపోయింది, ఆ పాటకే పెరిగి పెద్దదైంది, ఏనాడూ గట్టిగా జ్వరం కూడా రాలేదు. బయట అది చావింటి పాట, ఇంట్లో లాలిపాట. ఈ రెండింటికీ పొసగదని మారక్కకు ఎన్నడూ తోచలేదు. ఒకే కత్తితో కూరగాయలూ తరుగుతాం, బిడ్డ బొడ్డూ కోస్తాం అన్నట్టుగానే ఉండేది ఆమె లెక్క.

పొసగదని చెప్పే మనిషి ధర్మవరంలో ఉంది.

సరోజను ధర్మవరంలో పట్టుచీరలు నేసే రామచంద్రకు ఇచ్చారు. రామచంద్ర తల్లి ఆదిలక్ష్మమ్మ మగ్గం ఎక్కదు కాని ఆ ఇంటి మగ్గాలన్నీ ఆమె బొటనవేలి మీద నడిచేవి. పట్టు దారపు చిలపను వేళ్ళ మధ్య ఒకసారి జార్చి, ఇది పడుగుకు, ఇది పేకకు, ఇది దేనికీ పనికిరాదు అని మూడు కుప్పలు వేసేది. మనుషులనూ అలాగే వేసేది. పాటలనైతే ఇంకా కచ్చితంగా వేసేది. పెండ్లికి హిందూపురం నుంచి మైకుసెట్టు తెప్పిస్తే, మైకు రామప్ప సరిగ్గా తలంబ్రాల వేళకు ఏదో సినిమా పాట పెట్టాడు. ఆదిలక్ష్మమ్మ పందిట్లోంచి లేచి నేరుగా అతని దగ్గరికి పోయింది.

"ఏమప్పా, మొగుడు సచ్చినదాని పాట పెడతాండావే."

"కాదమ్మా, ఇది జల్సా పాట. సినిమాలో మొగుడు బతికే ఉంటాడు."

"సినిమాలో బతికితే నాకేం ఒరిగింది? రాగం ఏడుస్తాండాది. తీసెయ్."

రామప్ప తీసేశాడు. జనం నవ్వుకున్నారు. మారక్క కూడా నవ్వింది.

తొలికాన్పు కాబట్టి సరోజ రొద్దం వచ్చింది. ఆడపిల్ల. కులదేవత చౌడమ్మ తల్లి పేరు వచ్చేటట్టు చౌడేశ్వరి అని పెట్టి, ఈశ్వరీ అని పిలుచుకున్నారు. ఆ కొన్ని నెలలూ మారక్క ఎవరింటికీ శోకానికి పోలేదు. పిలిచినవాళ్ళకు "బాలింత ఉండే ఇల్లు" అని చెప్పి తప్పించుకుంది. పొద్దున నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బిడ్డను తొట్లో వేసి ఆ పాట ఎత్తుకుంటే రెండో చరణం అక్కర లేకుండా బిడ్డ కండ్లు మూసేది. మారక్క బతుకులో అంత సుఖమైన నెలలు మళ్ళీ లేవు. ఇంకో పాటకైతే ఈశ్వరి నిద్రపోయేది కాదు, అదొక ముచ్చట.

అయిదో నెలలో బిడ్డనూ తల్లినీ తీసుకుపోవడానికి ఆదిలక్ష్మమ్మ వచ్చింది. బస్సు దిగి వీధిలో నడిచి వస్తుంటే పాట వినబడింది. ఆమె గడప దగ్గర అలాగే నిలబడిపోయింది. లోపలికి వచ్చి, ఎవరినీ పలకరించకుండా, తొట్లోంచి బిడ్డను ఎత్తుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. బిడ్డ ఊపిరి తీస్తూనే ఉంది.

"ఏమైంది వదినా" అంది మారక్క.

"ఆ పాట పెనుకొండలో మా చిన్నాయన పోయినప్పుడు నువ్వు పాడింటివి వదినా. నేను ఆడనే ఉంటి."

"మాటలు వేరు వదినా. ఇది లాలిపాట. సరోజకూ ఇదే పాడినా."

"పసిబిడ్డకు మాటలు తెలుస్తాయా? దానికి తెలిసేది రాగమే కదా."

ఆ మాటలో తప్పు ఉందని మారక్కకు తెలుసు, ఎక్కడుందో దొరకలేదు.

ఆదిలక్ష్మమ్మ గొంతు పెంచలేదు. ఆమె గయ్యాళి అని ఎవరైనా చెప్తే నమ్మకండి. "రామచంద్రకు ముందు ముగ్గురిని పూడ్చిపెట్టినా వదినా. ఇంగ పూడ్చేకి నాకు చేతులు లేవు. నాకు భయం" అంది.

"ఇంగ పాడను. చౌడమ్మ తోడు."

"నీ మాట మీద నాకు నమ్మకం ఉండాది. నీ నోటి మీద లేదు. బిడ్డను ఎత్తుకుంటే ఆడదాని నోట్లోకి పాట దానంతటదే వస్తాది, మనం పిలిచేది లేదు." బిడ్డను భుజం మీద సర్దుకుని మళ్ళీ అంది. "ఆ పాట చెడ్డదని నేను అనను. బాగుంటాది. నాకోసం దాచిపెట్టు. నేను పోయిన దినం వచ్చి నా కాడ పాడు. అందాకా పాప ఉండే ఇంట్లోకి మాత్రం రావద్దు వదినా. మనకూ మనకూ కోపమేం లేదు."

కోపం ఉంటే ఎంత బాగుండేదో. కోపమైతే దిగుతుంది. భయం దిగేది కాదు.

ఆ తర్వాత మారక్క ధర్మవరం రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అరుగు మీద చాప వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు, విస్తట్లో నెయ్యి కూడా వడ్డించారు. ఈశ్వరిని మాత్రం పెరటి వైపు తీసుకుపోయారు. రెండోసారి పోయినప్పుడు తలుపు సందులోంచి పిల్ల జడ, జడకు కట్టిన ఎర్ర రిబ్బను కనబడ్డాయి. సరోజ తల్లి పక్కన కూర్చుని చీర అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది. మారక్క రహస్యంగా కూతురి చెవిలో, "అది లాలిపాటే మే, నన్ను నమ్ము. నా తల్లి పాట. నువ్వు దానికే నిద్రపోయి పెరిగింటివి" అని చెప్పింది. సరోజ తల ఊపింది.

చైనా యుద్ధం వచ్చిన ఏడు సరోజకు మగబిడ్డ పుట్టాడు. రెండో కాన్పు కాబట్టి అత్తగారింట్లోనే అయింది. నాలుగు నెలలకే పిల్లవాడు దగ్గుతో ఊపిరాడక పోయాడు. పూడ్చిపెట్టిన తర్వాత కబురు వచ్చింది, కబురుతో పాటు, "మారక్క రావద్దు, వచ్చి చేసేదేం లేదు" అన్న మాటా వచ్చింది. మారక్క ఇంట్లో మగ్గం కింది గుంతలో దిగి కూర్చుని ఏడ్చింది. రాగం తీయకుండా ఏడ్చింది. ఊరందరికీ ఏడ్చిపెట్టినామె తన మనమడికి వెక్కిళ్ళు మాత్రమే పెట్టగలిగింది.

ఇంకో రెండేళ్ళకు, ఎండలు ముదిరిన రోజుల్లో, మొదటి బస్సుకు ధర్మవరం నుంచి దేవప్ప దిగాడు. రామచంద్ర పక్కింటివాడు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆదిలక్ష్మమ్మ రాత్రి పోయిందమ్మా. రామచంద్ర నిన్ను ఉన్నపళంగా బయలుదేరి రమ్మన్నాడు. పోయే ముందు ముసలామె చెప్పిందంట, మా వదిన వచ్చి ఆ పాట పాడాల, దాచిపెట్టమని చెప్పినా అని."

నల్లప్ప కొత్త చీర తేవడానికి అంగడికి పోయాడు. వియ్యపురాలు పోతే కొత్త చీర కప్పాలి కదా. అప్పుడు పక్కింటి హనుమక్క వచ్చింది. సరోజకు బొడ్డు కోసింది ఆమే.

"పోయి ఏడువు మారక్కా. కాని ఆ పాట మాత్రం ఎత్తుకోవద్దు. నీకు వేరే శోకాలు రావా ఏం? అది ఎత్తుకున్నావంటే చావు పాటేనని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్ట."

"పాడకపోతే అరుగు మీదనే కూచోబెట్టి పంపిస్తారు హనుమక్కా."

"సచ్చిపోయింది కదా ఆయమ్మ. ఇంగ నిన్ను ఆపేదెవురు?"

"పోతూ పోతూ అడిగిన మాట. అది తీర్చకుండా ఆ ఇంట్లో కాలు పెట్టనిస్తారా? నా మనమరాలికి ఆరో ఏడు వచ్చింది. మొగం ఎట్లుండాదో తెలీదు నాకు."

హనుమక్క మారక్క జుట్టు సర్ది ముడి వేసింది. ఆమెకూ మనమరాళ్ళు ఉన్నారు.

పెనుకొండలో బస్సు మారాలి. బస్టాండు పక్క హోటల్లో గ్రామఫోను మోగుతోంది. దేవుడి పాట ఒకటి అయింది, వెంటనే ఎవరో ఆడమనిషి కులుకుతూ పాడే పాట వచ్చింది, దాని వెనకనే మళ్ళీ దేవుడు. ఇడ్లీలు తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ఏ పాటకు లేవాలో దేనికి దణ్ణం పెట్టాలో ఎవరికీ పట్టలేదు. ఇంత సులువా, అనుకుంది మారక్క. ఇంత సులువైన దాని కోసమా తనను అయిదేళ్ళు అరుగు మీద కూర్చోబెట్టింది. చచ్చిన మనిషి మీద ఆమెకు అప్పుడు కోపం వచ్చింది. ఆ కోపంతోనే బస్సెక్కింది.

ఇంటి ముందు జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. "వచ్చింది, రొద్దం మారక్క వచ్చింది" అన్నారు. ఆమె గడప దాటింది. మగ్గాలు ఆపేశారు. నడవలో చాప మీద ఆదిలక్ష్మమ్మ, నుదుట ఇంత విభూతి, బొటనవేళ్ళు కలిపి కట్టిన కాళ్ళు. రామచంద్ర వచ్చి, "అత్తా, మా యమ్మ నిన్నే తలుచుకుండింది" అని చేతులు పట్టుకున్నాడు. కొత్త చీర కప్పి మారక్క తలాపున కూర్చుంది. కూర్చోగానే ఆమె కండ్లు వెతికింది శవాన్ని కాదు.

ఈశ్వరి అవతల మగ్గం కంబానికి ఆనుకుని నిలబడి ఉంది. సన్నగా, తల్లి ముక్కు, తండ్రి నుదురు. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బాయి. అవ్వ అంటే ఆ పిల్లకు ఆదిలక్ష్మమ్మే, అది సహజమే. కొత్తగా వచ్చిన ఈ ముసలామెను వింతగా చూస్తోంది.

"పాడు మారక్కా" అన్నారు ఆడవాళ్ళు.

ఆమె పాడింది.

కొండ కింద పొద్దు గూకె, గూటిలోన గువ్వ లేదె,
కండ్లు తెరిసి పలకరాదా కన్నతల్లీ, ఓ.

దాచిపెట్టమని అడిగిన మనిషికి అప్పగించినట్టు పాడింది. ముగ్గురు బిడ్డలను పూడ్చిన సంగతి పాడింది, పట్టు చిలపలను వేరుచేసిన బొటనవేలిని పాడింది. ధర్మవరం నేతవీధి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. బస్సులో తెచ్చుకున్న కోపం ఆమెకు ఎక్కడా కనబడలేదు. నిజంగానే ఏడ్చింది.

పాడుతూ తలెత్తి చూస్తే, కంబం దగ్గర ఈశ్వరి కూలబడి ఉంది. కండ్లు సగం మూతలు పడ్డాయి. తల ఒకసారి వాలింది, ఉలిక్కిపడి లేచింది, మళ్ళీ వాలింది. అంత ఏడుపు మధ్య, రాత్రంతా నిద్రలేని పిల్ల, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. తొట్లో ఎలా నిద్రపోయేదో అలాగే. మరిచిపోలేదు, నా చిట్టితల్లి నన్ను మరిచిపోలేదు అనుకుంది మారక్క. శవం తలాపున కూర్చుని ఆమె సంతోషపడింది. గొంతు తనకు తెలియకుండానే మెత్తబడింది, పాట నెమ్మదించింది.

సరోజ అప్పుడు చూసింది కూతురిని. శవం పక్కనుంచి లేచి, మనుషులను తోసుకుంటూ పోయి, పిల్లను భుజాలు పట్టి కుదిపింది. కండ్లు తెరవకపోతే చెంప మీద కొట్టింది. ఈశ్వరి బెదిరి కేర్‌మని ఏడ్చింది. సరోజ ఆ ఏడుపు విని, అక్కడే నేల మీద కూర్చుని పిల్లను పొట్టకు అదుముకుంది. అత్త పోయిన దుఃఖం అనుకున్నారు చూసినవాళ్ళు. మారక్క పాట ఆగిపోయింది. మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు.

శవాన్ని తీసుకుపోయాక, పెరట్లో సరోజ తల్లి తల మీద నీళ్ళు పోసింది. ఇద్దరే ఉన్నారు. రెండు చెంబులు పోసి ఆగింది.

"అమ్మా, అది ఏం పాట?"

"లాలిపాట మే. నీకు చెప్పినా కదా."

"చెప్పింటివి. ఆ పొద్దు అరుగు మీద నా చెవులో చెప్పింటివి." ఇంకో చెంబు పోసింది. "పిల్లోనికి దగ్గు వచ్చినప్పుడు నిద్ర లేకుండా ఉండె. నేను మగ్గం గుంతలో కూచోని, అత్తకు వినపడకుండా, మగ్గం చప్పుడులో అది పాడినా. నిద్రపోయినాడు. మళ్ళ లేవలేదు."

మారక్క తడి జుట్టులోంచి కూతురి వైపు చూసింది.

"ఎవురికీ చెప్పలే. ఆయనకు గూడా చెప్పలే. మా యమ్మ లాలిపాటని చెప్పింది, మా యమ్మ అబద్ధం చెప్పదు, దగ్గుతోనే పోయినాడు అని అనుకోని బతికినా. ఆ ఒక్క మాట పట్టుకోని బతికినా." సరోజ గొంతులో ఏడుపు లేదు. "ఈ పొద్దు నువ్వే వచ్చి పీనుగ కాడ పాడితివి. పాప నా కండ్ల ముందరే తల వాల్చేసె. ఇంగ నేనేం అనుకోవల్ల?"

"నన్ను లోపలికి రానిస్తారని పాడినా మే. పాపను చూస్తానని."

సరోజ మిగిలిన నీళ్ళు పోసి, ఆరిన చీర చేతికి ఇచ్చి లోపలికి పోయింది.

రామచంద్ర, "దినాలు అయ్యేదాకా ఉండు అత్తా, ఈ ఇంట్లో నిన్ను వద్దనేవాళ్ళు ఇంగెవరూ లేరు" అన్నాడు. నిజమే, లేరు. అయిదేళ్ళు మూసి ఉన్న తలుపు బార్లా తెరిచి ఉంది. ఈశ్వరి మర్నాటికే మచ్చికైపోయింది. పిల్లలకు చనువు రావడానికి ఎంతసేపు? పెరట్లో మారక్క కాళ్ళు చాపుకుని కూర్చుంటే వచ్చి మోకాళ్ళ మీద తల పెట్టి పడుకుంది. సాయంత్రం ఎండ గోడ మీద ఎర్రగా ఉంది. సరోజ గడపలో నిలబడి బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, నిన్న పాడింటివే, అది పాడు. మంచిగా నిద్ర వచ్చింది నాకు."

చేట చప్పుడు ఆగింది.

మారక్క తల తిప్పి చూడలేదు. చూడాల్సిన పని లేదు. కూతురు ఎందుకు చేట ఆపిందో తెలుసు. పాడవద్దని కాదు. పాడాలని. పాడి, పిల్ల నిద్రపోయి, మళ్ళీ పొద్దున లేచి ఆడుకుంటే అది లాలిపాట. అప్పుడు సరోజ తన కొడుకును చంపుకోలేదు. ఇంతకంటే సులువైన సాక్ష్యం ఏ తల్లి అయినా తన బిడ్డకు ఇవ్వగలదా? మారక్క పిల్ల జుట్టు మీద చెయ్యి వేసి ఎత్తుకుంది.

"కొండ కింద పొద్దు గూకె, గూటిలోన గువ్వ..."

అక్కడ ఆగింది. జేరె అనాలి. ఆ మాట ఆమెకు తెలుసు. కాని ఇన్నేళ్ళుగా ఎన్ని ఇండ్లలో, ఎంతమంది తలాపున, ఆ చోట లేదె అనే అన్నదో. నోరు తెరిస్తే ఏది వస్తుందో ఆమెకే తెలియలేదు. ఒళ్ళో పిల్ల అప్పుడే కండ్లు మూసుకుంది, గొంతు దగ్గర నరం సన్నగా కొట్టుకుంటోంది. తన మొదటి కొడుకు పోయిన రోజు, తెల్లవారుజామున, వాంతులు మొదలవకముందు, వాడిని ఈ పాటతోనే నిద్రపుచ్చిన సంగతి అప్పుడు మనసులో మెదిలింది. అది ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. అయితే ఆ పాటనూ ఆ చావునూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఆదిలక్ష్మమ్మ పెట్టి చూసింది, సరోజ పెట్టి చూసింది. ఇప్పుడు తనూ చూసింది.

"లే తల్లీ, లేచి కూచో" అంది. "ఆ పాట మరిచిపోయినా. కోలాటం పాట చెప్తా."

పిల్లను లేపి కూర్చోబెట్టి, చేతులు చరుస్తూ, దసరాలో ఆడవాళ్ళు పాడే గెంతుల పాట ఒకటి ఎత్తుకుంది. "ఇది కాదవ్వా, దీనికి నిద్ర రాదు" అని ఈశ్వరి గునిసింది. మారక్క ఇంకా గట్టిగా చరిచింది.

సరోజ ఆ పాట అయ్యేదాకా గడపలోనే నిలబడి వింది. తర్వాత చేట కింద పెట్టి లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసుకుంది. అది ఏం పాటని నిన్న అడిగింది, తల్లి ఇప్పుడు పాడకుండా ఆపి చెప్పింది. తను ఆపితే ఆ తలుపు వెనక నుంచి ఏం వినబడుతుందోనని మారక్క, పాట అయిపోయినా, చేతులు చరుస్తూనే ఉంది.